తువ్వాలు ఊపినందుకు

అరవైల మొదట్లో, నెల్లూరు కాలేజీలో చదువుతున్నప్పుడు, ధనుర్మాసపు చలిలో ఒక మిత్రుడితో కలిసి తోటపల్లి గూడూరు దగ్గరి సముద్రానికి వెళ్లాను. జనం లేని తీరం దొరికిందని మురిసిపోయి, చెక్క పలక మీద బోర్లా పడుకుని అలలతో పాటు జారాను. ఒడ్డుకొచ్చి, వెనకబడిన మిత్రుణ్ణి రమ్మని తువ్వాలు ఊపాను. వెంటనే దూరంగా ఉన్న పడవవాళ్లు వల దించేశారు.

ఇసుకదిబ్బ మీంచి ఒకాయన తెడ్డు పట్టుకుని దిగివచ్చాడు. చేపల గుంపు కనపడగానే గుడ్డ ఊపి, పడవకు చోటు చూపించేది ఆయనే.

"గుంపు ఇంకా రాలేదే. ఎవురు ఊపమన్నారు నిన్ను?"

"అది సైగని తెలీదన్నా."

"తెలీకుండానే మా పడవకి సైగ చేసినావు. వల ఒడ్డుకి నువ్వూ లాగు."

చలికి నేను వణుకుతున్నా ఆయన వదల్లేదు. అరచేతుల తోలు లేచిపోయింది. వలలో నాచు తప్ప ఏమీ రాలేదు. ఎవరూ నా ముఖం చూడలేదు.

ఇప్పటికీ రైల్లోంచి మనవరాలు చెయ్యి ఊపితే, నేను చేతులు కట్టుకునే నిలబడతాను.