ఐదో కూత

మా మేనత్త ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతల, చర్చి వెనక. ఆవిడ ముప్పై ఏళ్ళు మా అనకాపల్లిలోనే ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ "భయమేటీ లేదమ్మా, సీమ కుట్టినట్టుంతాది, అంతే" అని చెప్పి పంపేది. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పగించలేదు, ఆవిడే పెట్టుకుంది. అందుకని ఆవిడ ఎడమ కంట్లో శుక్లం వచ్చిందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరు చెప్పినప్పుడు మేమెవ్వరం కంగారు పడలేదు. ఆవిడ పడింది. ఆ చీమ ఎలా కుడుతుందో ఇంట్లో తెలిసినది ఆవిడ ఒక్కతికే.

ఆవిడకి పిల్లలు లేరు. నన్ను "అల్లుడా" అనే పిలుస్తుంది. "కూతుర్ని కనకండా అల్లుడు దొరికేడు, సూసేరా నా అదృట్టం" అని చర్చిలో ఆడవాళ్ళకి చూపించేది. నేను "ఈ అత్తకి కట్నం అడిగినా లాభం లేదు, పిల్లే లేదు" అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్య సీరియస్ మాట ఎప్పుడైనా జరిగిందేమో గుర్తులేదు. జరగబోతున్నట్టు అనిపిస్తే నేనే ఏదో ఒకటి కూసి చెడగొట్టేవాణ్ణి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ప్యాకింగ్ మెషిన్లు బిగించే కంపెనీలో ఉద్యోగం. మూడు నెలల ట్రైనింగుకి మలేషియా పంపుతున్నామన్నారు. ఆదివారం చర్చిలో నాకోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. అది సాగిన తీరు చూస్తే నేను తిరిగి రానని అందరికీ ముందే తెలిసిపోయినట్టుంది.

మా ఊళ్ళో అప్పటికే అందరి చేతుల్లోకీ సెల్ ఫోన్లు వచ్చేశాయి. కాకపోతే మాట్లాడడానికి కాదు, మిస్డ్ కాల్ ఇవ్వడానికి. మా నాన్న ఎలమంచిలిలో బస్సెక్కి ఒక రింగు ఇస్తే అమ్మ ఎసరు పెట్టేది. బస్సు దిగి ఇంకో రింగు ఇస్తే కూర పొయ్యి మీద నుంచి దించేది. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరూ ఫోన్లో ఒక్క మాట మాట్లాడుకోకుండా వేడన్నం తిన్నారు. మిస్డ్ కాల్‌ని పొరపాటున ఎత్తేసినవాడిని మా వీధిలో మనిషిగా చూసేవారు కాదు. ఇక విదేశంలో రోమింగు అంటే చేసినా దెబ్బే, ఎత్తినా దెబ్బే. ఎవరూ ఎత్తకపోతేనే క్షేమం.

నా పాత ఫోను అత్తకిచ్చాను. స్క్రీను మీద ఏముందో ఆవిడకి కనిపించదు, తెల్లటి పొగలా ఉంటుందనేది. అందుకని నా నంబరుకి మాత్రం కోడి కూత పెట్టాను. కోడి కూస్తే నేను. ఎన్నిసార్లు కూసిందో దాన్నిబట్టి విషయం. బయల్దేరే ముందు రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని లెక్క రాయించినట్టు చెప్పాను.

"ఒకటి కూసిందంటే బాగున్నాను. రెండంటే తిన్నాను. మూడంటే వాన పడతంది."

"వాన కబురు నాకెందుకురా? నేనేటి బట్టలారేసుకున్నానా అక్కడ?"

"ఉండనీ అత్తా, మూడు కాళీగా ఉండిపోతాది. నాలుగంటే పనిలో ఉన్నాను, తరవాత మాట్లాడతాను. ఐదోది కూసిందంటే అది నిజం కాల్. అప్పుడు ఎత్తు. ఐదుకి ముందు ఎత్తేవంటే నేను రోమింగులో ములిగిపోతాను."

ఆవిడ కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంది. బొటనవేలు దగ్గర ఆగింది.

"ఆపరేషన్ రోజు ఐదు కొడతావేటి?"

"కొడతాను."

"లోపలికి అట్టుకెల్లే ముందు సేసీయాల. నీ ఎదవ జోకొకటి ఇనీసి ఎల్తాను. మరేటీ అక్కర్లేదు నాకు."

"నువ్వు ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పిన సీమ కతే నీకూ చెప్తానులే."

"సెప్పు. నేను నమ్ముతాను," అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాకు అది అప్పుడు కనిపించింది కూడా.

షుగరు తగ్గాక చేస్తామన్నారు కాబట్టి ఆపరేషన్ నేను వెళ్ళిన మూడో వారంలో పడింది. ఈలోగా మలేషియా నుంచి రోజూ కోడి కూసింది. అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి వాన పడి తీరుతుంది. నేను ఖాళీగా ఉంచకూడదని పెట్టిన మూడు కూతలే ఎక్కువ పనిచేశాయి. ఆవిడ వెంటనే తిరిగి ఒక రింగు ఇచ్చేది, అంటే తనూ బాగుంది. చర్చిలో అందరికీ మలేషియా వాతావరణం తెలిసిపోయిందని అమ్మ తర్వాత చెప్పింది.

ఆపరేషన్ రోజు మన తొమ్మిదింటికి అక్కడ పదకొండున్నర. ట్రైనింగు హాల్లోంచి వరండాలోకి వచ్చి ఫోను చేశాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఎత్తలేదు. లోపల్నుంచి పిలుపు వచ్చింది. ఆ వారం విప్పి బిగించిన మెషిన్ ముందు అందర్నీ నిలబెట్టి ఫోటో తీస్తున్నారు. ఈపాటికి లోపలికి తీసుకెళ్ళిపోయి ఉంటారు, కళ్ళ డాక్టరు నా జోకు కోసం కత్తి పట్టుకుని ఆగుతాడా ఏమిటి అనుకున్నాను. ఫోను పెట్టేసి వెళ్ళి ఫోటోలో నిలబడ్డాను.

ఐదు అని చెప్పింది నేనే. ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. నిజానికి గుర్తు లేకపోవడం ఒక్కటే కాదు. ఆవిడ ఎత్తకపోతే కొంచెం హాయిగా అనిపించింది. నిజంగా భయపడుతున్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. చీమ కథ తప్ప నా దగ్గర ఇంకేం లేదు, అదీ ఆవిడదే.

సాయంత్రం ఒక కూత ఇచ్చాను. తిరిగి ఒక రింగు వచ్చింది. బాగుంది. అంటే ఆపరేషన్ బాగా జరిగింది. ఇంతకంటే సులువైన సంగతి ఉంటుందా?

ఆదివారం కాలింగ్ కార్డు మీద అమ్మతో మాట్లాడుతూ అడిగాను.

"అత్త కన్నెలాగుంది?"

అమ్మ కొంచెం ఆగి, "బాగానే ఉందిలే. నువ్వొచ్చేక మాట్లాడుకుందాం," అంది. వెనకనుంచి అత్త గొంతు గట్టిగా వినిపించింది: "వాన తగ్గిందేటో అడుగొదినా!" అమ్మ అలా ఎందుకు ఆగిందో నేను అడగలేదు. మూడు నెలలు అవుతుండగా కంపెనీవాళ్ళు ఇంకో నెల ఉంటావా అన్నారు. నేను బట్టలు కూడా సర్దుకోలేదు, ఉంటానన్నాను.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఇంట్లో బ్యాగు పడేసి అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుతోంది, వేళ్ళతో తడిమి. అడుగుల చప్పుడుకి తల మొత్తం నా వైపు తిప్పింది.

"అల్లుడా! లావయ్యేవా, లేపోతే నా కళ్ళే నిన్ను లావుగా సూపిత్తన్నాయా?"

"ఆపరేషన్ అయ్యేక కూడా అలాగే సూపిత్తన్నాయా?" అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. "అయితే గదా," అంది.

అప్పుడు చెప్పింది. గౌనేసుకుని, కంట్లో చుక్కలు వేయించుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుందట, తను ముప్పై ఏళ్ళు కూర్చున్న బల్లలాంటి దాని మీదే. అమ్మ పక్కనే ఉంది.

"కోడి కూసింది. మీయమ్మ ఎత్తమంది. ఉండొదినా, ఐదవనీ, ఆడికి డబ్బులు కట్టయిపోతాయి అన్నాను. ఏలు ముడుసుకుంటా లెక్కెట్టేను. నాలుగు కూసి ఊరుకుంది. నాలుగంటే పనిలో ఉన్నావు గదా. పనయ్యేక సేత్తాడులే అని కూకున్నాను. నర్సమ్మ మూడుసార్లు వచ్చి పిలిసింది. నా ఎనకున్నోళ్ళని పంపించీమన్నాను. ఆకరికి డాక్టరుగారే బయటికొచ్చి, ఏటమ్మా నీ గొడవ అన్నారు. మా అల్లుడు ఫోను సేత్తాడండి అన్నాను. ఏటి డాక్టరా మీ అల్లుడు? అన్నారు. కాదండి, మెషినీలు బిగిత్తాడు అన్నాను."

ఇక్కడ ఆవిడ నవ్వింది. ఇంకెప్పుడైనా అయితే నేను అందుకునేవాణ్ణి.

"మరి మీయమ్మ ఎంత సెప్పినా నాకు కాళ్ళు కదల్లేదురా. సంచట్టుకుని వచ్చీసేను. ఆడితో సెప్పకొదినా, పరాయి దేశంలో ఆడికి దిగులెందుకు, ఆడొచ్చేక ఆడితోనే ఎల్తాను అని ఒట్టేయించుకున్నాను. అవునుగానీ, ఏటయిందిరా ఆ రోజు?"

నాకు ఒక్కసారి వరండా, ఫోటో, మెషిను, అన్నీ కనిపించాయి. చెప్పడానికి రెండు మాటలు చాలు, మరిచిపోయాను అత్తా అని. నా నోట్లోంచి వచ్చినవి వేరు.

"సిగ్నల్ పోయిందత్తా. అక్కడ వానకి పోతాది."

"అదీ! నేననుకుంతనే ఉన్నాను," అంది. ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చిందంటే, మూడు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే ఆగినట్టు.

మర్నాడే తీసుకెళ్ళాను. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగిందనీ, నరం దెబ్బతిందనీ, ఇప్పుడు ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గుతుందేగాని చూపు రాదనీ డాక్టరు చెప్పాడు. కుడి కంటికీ శుక్లం పట్టిందనీ, దానికి మాత్రం వెంటనే చేస్తే చూపు దక్కుతుందనీ అన్నాడు.

"మూడు నెలల కిందట చేయించుకుంటే రెండూ దక్కేవి. ఎందుకు ఆగారమ్మా?"

"నాకే భయమేసిందండి," అంది అత్త.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకు మాట్లాడడం చాతకాదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. డాక్టరు చీటీ రాస్తుంటే ఆ చీటీ వైపు చూస్తూ ఉండిపోయాను.

కుడి కంటి ఆపరేషన్ రోజు బల్ల మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను. చీమ గురించి చెప్పాను. "ఎంత సీమరా?" అంది. ఎర్రచీమ కాదు, నల్లచీమేనన్నాను. "సర్లే, అయితే ఎల్తాను," అని లేచి తనే నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. పావుగంట పట్టింది, అంతే. ఆవిడకి కావలసింది అంత చిన్నది.

ఇప్పుడు కుడి కంటితో బైబిలు చదువుకుంటుంది, బియ్యం ఏరుకుంటుంది, నా తలలో రెండు తెల్లవెంట్రుకలున్నాయని ఊరంతా చెబుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు ఆ ఎడమ కన్ను సంగతి అడుగుతారు. ఆవిడ మొదలుపెడుతుంది. "మావోడు ఆ దేశంనుంచి కూడా ఫోను సేసేడమ్మా. ఆపరేషన్ టైముకి సరిగ్గా. పాపం, వానకి సిగ్నల్ పోనాది. ఆడేటి సేత్తాడు?" వాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు. ఒకావిడ ఒకసారి నా భుజం కూడా తట్టింది.

మామూలుగా నేను ఆవిడ కుడిపక్కన ఉంటాను, మాట్లాడుతుంటే కనపడాలి కాబట్టి. ఈ కథ మొదలవగానే మెల్లగా ఎడమపక్కకి జరుగుతాను.