మా ఆయన్ని మళ్లీ గ్రౌండుకు తోలిన వైనం

మెట్రో రైలు మన నెత్తిమీద నుంచి కొత్తగా పరుగెత్తడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కోచ్ అనేవాడిని ఏ ఆడపిల్లా పెళ్లి చేసుకోకూడదని. (నేను అప్పటికే చేసుకున్నాను కాబట్టి ఆ జ్ఞానం ఎవరికీ పనికిరాలేదు.) మాది గుంటూరు వైపు. చదువు పదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది గానీ, ఎవరు ఏ మాట ఎప్పుడన్నారో ఆ రోజు కట్టుకున్న చీర రంగుతో సహా చెప్పగలను. మా ఆయన పక్కా యూసుఫ్‌గూడ మనిషి. పొద్దున ఒక బడిలో పిల్లలకు డ్రిల్లు చేయించేవారు, సాయంత్రం బస్తీ కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆ జట్టుకు బంతి కంటే ఓటమి బాగా అలవాటు. ఓడిన ప్రతిసారీ ఈయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం వద్దు, మంచినీళ్లు వద్దు. కొత్తల్లో నేను హడలిపోయి "ఏంటండీ, ఎవరు పోయారు?" అని అడిగితే, "మ్యాచ్ పోయిందే" అనేవారు, సొంత మేనత్త పోయినంత దిగులుగా.

అలాంటి సమయంలో పంజాగుట్టలో ఒక టీవీ ఛానల్ వాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పించడం మొదలుపెట్టారు. ఆట తెలిసి, ఆపకుండా మాట్లాడేవాడు కావాలన్నారు. ఆ "ఆపకుండా" దగ్గరే మా ఆయన ఉద్యోగం ఖాయమైపోయింది. ఆట ఎక్కడో జరుగుతుంటుంది, ఈయన చల్లటి గదిలో తెర ముందు కూర్చుని ఎవరు ఎక్కడ తప్పు చేశారో చెప్పాలి. కెమెరాకు కనిపించినంత మేర కోటు, బల్ల కింద పాత ట్రాక్ ప్యాంటు, రబ్బరు చెప్పులు. బడికీ, జట్టుకూ దండం పెట్టేసి వెళ్లిపోయారు. నేను ఆ శుక్రవారం బల్కంపేట ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టాను. ఇక మీదట ఎవరు ఓడినా మా ఇంట్లో అన్నం చల్లారదు కదా!

నిజంగానే చల్లారలేదు. కాకపోతే, తినే ముందు దాని మీద విశ్లేషణ మొదలైంది. ఉప్మా చేస్తుంటే వంటగది గుమ్మంలో నిలబడి, టీవీ భాషలో, "ఇక్కడ చూడండి, ఆవాలు ఇంకా చిటపటలాడకముందే ఉల్లిపాయలను లోపలికి పంపించారు. తొందరపాటు నిర్ణయం. దీని ఫలితం రెండో అర్ధభాగంలో కనిపిస్తుంది" అనేవారు.

"అరేయ్, పెట్టింది నోర్మూసుకొని తినరాదురా!" అనేది మా అత్తయ్య.

"కోడలిలో ప్రతిభ ఉందమ్మా. ఒత్తిడిని తట్టుకోలేకపోతోంది."

నేను ముగ్గు వేసినా, బట్టలు ఆరేసినా, చివరికి పుట్టింటికి ఫోన్ చేసి ఏడ్చినా వెనకాల ఆ గొంతు ఉండేది. పైగా బయట పెద్దమనిషి అయిపోయారు. యూసుఫ్‌గూడ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు "అన్నా, మళ్ల కోచింగ్‌కు వస్తవా?" అని అడిగేవారు. ఈయన కప్పు కింద పెట్టి, దూరంగా చూస్తూ, "ప్రస్తుతానికి నా దృష్టంతా మైకు మీదే. రేపటి సంగతి ఎవరు చెప్పగలరు?" అనేవారు. వస్తానన్నట్టూ కాదు, రానన్నట్టూ కాదు. ఆ మాట ఎంత రుచిగా అనిపించిందో, గ్యాస్ బండ తెస్తావా అని అత్తయ్య అడిగినా అదే జవాబు. ఇలాగే సాగితే నేను కాపురం వదిలేసి గుంటూరు బస్సెక్కడం ఖాయమని తేలిపోయింది. ఈయన్ని మళ్లీ గ్రౌండుకు తోలడం ఒక్కటే దారి.

జట్టులో ఎడమవైపు వెనక కాపలా కాసే కుర్రాడిని అందరూ లడ్డు అనేవారు. అమీర్‌పేట సందులో జిరాక్స్ షాపులో పనిచేసేవాడు. ఆ అమీర్‌పేటలో మెట్టుకొక కోచింగ్ సెంటర్ ఉంటుంది. మా దగ్గర ఒక కోచ్ ఉన్నాడు, తీసుకెళ్లండి బాబూ అని తిరిగింది మాత్రం బహుశా నేనొక్కదాన్నే.

"లడ్డూ, మీ సార్‌ని తీసుకెళ్లిపోండయ్యా."

"యాడికి వదినా?"

"గ్రౌండుకి. ఎప్పటిలాగే."

వాడు మిషన్ మీద మూత దించి, ఇటూ అటూ చూశాడు. "ఏమనుకోకు వదినా. సారంటే మాకు పానం. కానీ సార్ పోయినంక మేం గెలుస్తున్నం."

"ఎలా గెలుస్తున్నారు?"

"ఎట్లంటే... చెప్పేటోడు లేడు గద. ఆడుకుంటున్నం."

"మరి మళ్లీ రండి సార్ అని కనిపించినప్పుడల్లా మీరే బతిమాలతారట?"

"గది మర్యాద వదినా. మేం రమ్మంటం, ఆయన చూద్దాం అంటడు. ఇద్దరికీ మంచిగుంటది."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇటు నాకూ వద్దు, అటు వాళ్లకూ వద్దు!

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేనూ అత్తయ్యా చిక్కుడుకాయలు ఒలుస్తూ టీవీ పెట్టాం. ఏదో విదేశీ జట్లు ఆడుతున్నాయి. ఈయన తీరుగా, చల్లగా చెప్పుకుపోతున్నారు. ఇంతలో ఎర్ర చొక్కాల జట్టులో ఎడమవైపు కాపలా కాయాల్సినవాడు తన చోటు వదిలేసి ముందుకు పరుగెత్తాడు. అంతే, టీవీలోంచి కేక: "అరే లడ్డూ! యాడికి పోతున్నవ్‌రా? ఎనక ఎవడు జూస్తడు, నీ అయ్య జూస్తడా?"

పక్కన కూర్చున్న వ్యాఖ్యాత దగ్గాడు. ఆ ఖాళీలోంచే అవతలివాళ్లు గోల్ కొట్టారు. "చెప్పిన్నా లేదా!" అన్నారు మా ఆయన, ఏడుపు గొంతుతో.

"అయిపాయె. కొడుకు నౌకరి పాయె" అంది అత్తయ్య, చిక్కుడుకాయ పట్టుకునే.

ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే అన్నానికి కూర్చున్నారు. కూర మీద ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మౌనం కోసమే నేను అన్నాళ్లు మొక్కుకున్నాను, తీరా వచ్చాక భయమేసింది.

"కూరలో ఉప్పు తగ్గిందా?" అని నేనే కదిపాను.

"మంచిగుందే." కంచంలో వేలితో గీతలు గీస్తూ, "లడ్డుగాడు ఎట్లాడుతుండో ఏమో" అన్నారు.

"వెళ్లి చూసి రావచ్చుగా?"

"పోతే ఆగలేనే, మళ్ల కోచ్‌నైత. ఓడితే? స్టూడియోల కూసున్నోడు ఓడిపోడు. గ్రౌండుల నిలబడ్డోడే ఓడుతడు. నాకు భయం."

ఆపకుండా మాట్లాడే మనిషి అన్నాళ్లూ చెప్పని మాట అది. "ఓడితే ఓడి రండి. ఓడినవాళ్లకు అన్నం పెట్టనని నేనెప్పుడన్నానండీ?" అన్నాను. ఆయన నావైపు చూసి ఇంకో ముద్ద కలుపుకున్నారు.

పొద్దున్నే ఛానల్ నుంచి ఫోన్. తిట్టి తీసేస్తారనుకుంటే, ఆ కేక జనం ఫోన్లలో తెగ తిరుగుతోందట, ప్రతి మ్యాచ్‌లో అలాంటిది ఒకటి పడాలట! నా ఆశ అక్కడితో చచ్చింది. మా ఆయన మాత్రం గొంతు సవరించుకుని, "తిడత సార్, దండిగా తిడత. ఆదివారం మాత్రం రాను. గ్రౌండుకు పోవాలె" అన్నారు.

కుర్రాళ్లు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సార్ విరామంలో తప్ప నోరు తెరవకూడదు. ఆ ఆదివారం బోరబండ జట్టుతో పోటీ. పెళ్లయ్యాక మొదటిసారి నేనూ గ్రౌండుకు వెళ్లి అత్తయ్య పక్కన గట్టు మీద కూర్చున్నాను. మా ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు, పాపం, కిక్కురుమనలేదు. లడ్డు ఉన్నట్టుండి చోటు వదిలి ముందుకు పరుగెత్తాడు. ఏమైందో నాకే తెలియదు, లేచి నిలబడి, "ఒరేయ్ లడ్డూ, వెనక్కి రారా! అక్కడ నీ తాత ఉన్నాడా కాపలాకి?" అని అరిచాను. గ్రౌండంతా నావైపు తిరిగింది. ఆట అయ్యేసరికి మేం ఓడిపోయాం, నా గొంతు పోయింది. రిఫరీతో వాదించబోతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకుని నవ్వుతూ లాక్కొచ్చారు. ఓడిన రోజున ఆ ముఖంలో నవ్వు చూడటం నాకు అదే మొదటిసారి. లడ్డు చెమట తుడుచుకుంటూ వచ్చి, "సార్ వాపసొచ్చిండు, మంచిదే. గీ వదినను టీవీకి పంపుండ్రి" అన్నాడు.

ఎవరూ పంపలేదు గానీ, ఆదివారాలు ఆ గట్టు మీద నా చోటు నాకుంది. లేచి నిలబడితే వెనకవాళ్లు గొడవ చేస్తున్నారని ఈమధ్య కూర్చునే అరుస్తున్నాను. మొగుడి నోరు మూయించడానికి ఎర్రటి ఎండలో అమీర్‌పేట దాకా నడిచిన ఆ కొత్త కోడలు ఇప్పుడు ఎదురైతే, పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్లిచ్చి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఓపిగ్గా చెప్పేదాన్ని. అదేమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదనుకోండి. అయినా చెప్పేదాన్ని.