బీరన్న సంతకం

పంతొమ్మిది వందల అరవై రెండు వానాకాలంలో సుక్కమ్మ కొడుకు ఐలేశానికి నల్లగొండ కాలేజీలో సీటు వచ్చింది. మర్రిగూడ దాపున వాళ్ల కురుమవాడలో అంతదాకా చదివినవాడు వేరే లేడు. ఫీజుకూ హాస్టలుకూ సర్కారు స్కాలర్‌షిప్ ఇస్తుందని హెడ్మాస్టరే దరఖాస్తు నింపి ఇచ్చాడు. ఇక కావలసింది తండ్రి సంతకం, దాని కింద తహసీల్దారు ముద్ర. సోమవారం సాయంత్రం లోపల దరఖాస్తు కాలేజీకి ముట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

తండ్రి బీరన్న ఇంట్లో లేడు. ఐలేశం తల్లి చంకలో ఉన్నప్పుడే తెలంగాణ పోరాటం నాటి సంఘం దళంతో నల్లమల వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. సుక్కమ్మ గొర్లు కాసి, ఉన్ని వడికి, కొడుకునూ అత్త సోమమ్మనూ సాకింది. మొగుడేడని ఎవరడిగినా "గొర్లు తోలుకొని దూరదేశం పోయిండు" అనేది. పోలీసులు సోదాకు వచ్చి జొన్నల గుమ్మి బోర్లించి పోయిన నాటి నుంచి ఆ అబద్ధమే ఆమెకు కాపలా.

శుక్రవారం పొద్దున, తహసీలుకు రిపోర్టు రాయవలసిన ఊరి పట్వారి రామచంద్రయ్య దరఖాస్తు తిప్పి చూశాడు.

"బీరన్న దస్కత్ లేంది తహసీల్‌కు పంపరాదు సుక్కమ్మా. సచ్చిండని చెప్పు, ఇప్పుడే రాసిస్త. నీ పేరు మీద అయితది, పోరని పని అయితది."

"సచ్చిండని నాకెట్ల తెలుసు పంతులూ?"

"బతికుంటే రాకపోవునా? ఆలోచించుకో."

సుక్కమ్మ ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పింది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు వంగని సోమమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడింది.

"నా కొడుకును నీ నోటితోని సంపుతవా? రేపు కులపోళ్లు వచ్చి నీ గాజులు పగలగొట్టిస్తరు. వాడొచ్చి వాకిట్ల నిలబడితే ఏం చెప్తవు?"

"మరి నా కొడుకు సంగతేంది అత్తా?"

ఐలేశం అడ్డం వచ్చాడు. "నాకు కాలేజీ వద్దమ్మా. గొర్ల ఎంబడి పోత."

"నువ్వు నోరు ముయ్యి," అంది సుక్కమ్మ. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

శనివారం తెల్లవారకముందే పట్వారి కాగితం లేకుండానే కొడుకును వెంటబెట్టుకొని ఆమె తాలూకా కచేరికి బయలుదేరింది. ఏం చెప్పాలో దారిలో తేల్చుకోలేదు. చెబితే తేలికే, సచ్చిండు అని మూడు అక్షరాలు. కానీ ఆ మాట దారిలో ఒక్కసారీ పలికి చూడలేదు.

తహసీల్దారు దగ్గర కాగితాలు చూసే పేష్కార్ కరీం గుమ్మంలోనే ఆపాడు. "పట్వారి రిపోర్టు లేకుంటే లోపలికి పోవద్దమ్మా. సాబ్ క్యాంపుల ఉన్నరు, వస్తరో రారో."

రేపు ఆదివారం. ఈరోజు కాకపోతే ఇంక లేదు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. కచేరి మూసే వేళకు జీపు వచ్చింది. తహసీల్దారు దిగీ దిగకముందే సుక్కమ్మ ఎదురువెళ్లి నిలబడింది. కరీం పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు.

కోస్తా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారి ఆయన. దరఖాస్తు చదివి తలెత్తాడు.

"నీ భర్త ఉన్నాడా, లేడా?"

"నాకు తెల్వదు సారూ."

"ఏడేళ్లకు పైగా కబురు లేకపోతే చట్టం చనిపోయినట్టే చూస్తుందమ్మా. ఆ మాట చెప్పు, సంతకం పెడతాను."

"చట్టం అనుకోనీ సారూ. నా నోటితోని అనమంటున్నరు. కండ్లతోని చూడంది ఎట్లనాలె?"

"అసలెక్కడికి వెళ్లాడు?"

కరీం చూపు ఆమె మీదికి తిరిగింది. ఐలేశం తల్లి కొంగు పట్టుకున్నాడు. గొర్లు తోలుకొని పోయిండన్న మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. నిజం చెబితే ఈ పిల్లవాడి పేరు ఏ పోలీసు కాగితానికి ఎక్కుతుందో! అబద్ధమాడితే, తెల్వదన్న మొదటి మాటకూ విలువ పోతుంది.

"సంఘంల పోయిండు సారూ. అడవికి. పోలీసులు మా ఇల్లు సోదా చేసిండ్రు. గంతే తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. పోరనికి తల్లిని నేనున్న, నా వేలిముద్ర తీసుకోండ్రి."

తహసీల్దారు దరఖాస్తు కరీం చేతిలో పెట్టాడు. తర్వాత లోపలికి నడుస్తూ అన్నాడు: "తండ్రి ఆచూకీ తెలియదు, తల్లి సంరక్షకురాలు అని రాయండి."

"ఫారంల గట్ల రాసే ఖానా లేదు సాబ్," అన్నాడు కరీం.

"పక్కన రాయండి. సంతకం నాది."

కరీం రాసి, ఆమె బొటనవేలిని తన చేత్తో ఆనించి పట్టుకొని వేలిముద్ర వేయించాడు.

సోమవారం కాలేజీ గుమాస్తా ఆ వాక్యం చూసి మొహం చిట్లించాడు. దరఖాస్తు తీసుకున్నాడు కానీ పై వాళ్లు ఒప్పుకుంటేనే అన్నాడు. ఐలేశం ఏ రోజు వెళ్లగొడతారోనన్న భయంతోనే క్లాసులకు పోయాడు. ఇంటి దగ్గర సుక్కమ్మ టపా మనిషి కనిపిస్తే ఎదురువెళ్లి అడిగేది. స్కాలర్‌షిప్ మంజూరైన సంగతి దసరా దాటాక తెలిసింది. సోమమ్మ మనవణ్ణి దగ్గరకు తీసుకొని, కోడలి వైపు చూసి, "తినుపో, పొద్దట్నుంచి తినలే," అంది. అంతకుమించి ఆ సంగతి వాళ్ల మధ్య మళ్లీ రాలేదు.

ఐలేశం చదువు ముగించి చిట్యాల బడిలో లెక్కల మాస్టరయ్యాడు. బీరన్న రాలేదు. కొన్నేళ్లకు పక్క ఊరి గోవిందమ్మ, మొగుడు వదిలేసి పోయిన మనిషి, తండ్రి సంతకం లేని బిడ్డ దరఖాస్తు పట్టుకొని సుక్కమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సుక్కమ్మ గొర్లను ఇంకొకరికి అప్పజెప్పి, ఆమెతో కచేరికి నడిచింది.