మూరెడు తక్కువ కోర్టు

గత నెలలో ఒక ఉదయం కొట్టు తలుపులు తీస్తుండగా అక్క ఫోన్ చేసింది. "ఒరే, మీ బావ ఇంకా లెగనేదురా" అంది. ఏడవలేదు. రెండేళ్ళుగా ఆయన గుండె ఎలా ఉందో ఇద్దరికీ తెలుసు కాబట్టి నేనూ ఇంకేమీ అడగలేదు. తీసిన తలుపు మళ్ళీ వేసి బయలుదేరాను.

బావ స్క్వాష్ ఆటగాడు. పద్నాలుగేళ్ళు ఆ ఆటే ఆయన బతుకుతెరువు. మా వైపు చాలామందికి అదేమిటో తెలియదు. నాలుగు గోడల గదిలో ఇద్దరు మనుషులు, ఒక చిన్న రబ్బరు బంతి. ఒకరి తర్వాత ఒకరు దాన్ని ఎదుటి గోడకు కొట్టాలి. అయిదు గేముల్లో మూడు గెలిచినవాడిది ఆట. కొట్టిన ప్రతిసారీ గది మధ్యకు తిరిగి రావాలి. అక్కడుంటేనే ఏ మూలకైనా కాలు అందుతుంది.

విజయనగరం దగ్గర మా ఊళ్ళో జూట్ మిల్లు ఉంది. ఒకప్పుడు కలకత్తా నుంచి వచ్చిన ఆఫీసరెవరో ఆ ఆట మీద మోజుతో బేళ్ళ గోడౌనులో ఒక గది ఖాళీ చేయించి కోర్టుగా మార్పించాడట. గది ఎంతుంటే కోర్టు అంత. బావ తండ్రి అక్కడ మార్కరు. కోర్టు తుడవడం, పాయింట్లు చెప్పడం, జోడీ దొరకని ఆఫీసరుతో ఆడటం ఆయన పని. బావ ఆ గదిలోనే నడక నేర్చాడని వాళ్ళమ్మ అనేది.

ఇరవై ఏళ్ళప్పుడు చెన్నైలో మొదటి పోటీ. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. మొదటి గేము సగంలో ఆట ఆపి, "సార్, ఈ కోర్టు కొలత తప్పు, వెడల్పు ఎక్కువుంది" అని రిఫరీకి ఫిర్యాదు చేశాడు. వాళ్ళు టేపు తెచ్చి కొలిచారు. సరిగ్గానే ఉంది. చూడవచ్చినవాళ్ళు పడీపడీ నవ్వారు. ఓడిపోయి ఇంటికొచ్చి, సంచి దించకుండానే మిల్లు కోర్టుకు వెళ్ళి కొలిచాడు. మూరెడు తక్కువ. మధ్యలో నిలబడ్డవాడికి అటు జానెడు, ఇటు జానెడు.

ఆ జానెడు కోసం ఆయన ఎంత కష్టపడ్డాడో మేం చూడలేదు. చెన్నైలో ఒక క్లబ్బులో నేర్పుతూ, పోటీలకు తిరిగాడు. ముంబై, కౌలాలంపూర్, కైరో. ఎక్కువసార్లు అసలు పోటీ మొదలవక ముందు జరిగే అర్హత ఆటల్లోనే ఆగిపోయేవాడు. పేపర్లో ఎప్పుడూ రాలేదు. ఆట అవగానే నాకు ఫోన్ చేసేవాడు. "మూడు–రెండు. పోనాది. అక్కతో సెప్పు." అంతే.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. చదవడం, రాయడం ఏదైనా వచ్చిందంటే కొట్టులో రోజూ చిట్టా రాసుకుంటూ వచ్చిందే. ఆయన చెప్పినవి ఆ పుస్తకాల అంచున రాసిపెట్టేవాణ్ణి. కొన్నేళ్ళకు వెనక్కి తిప్పి చూస్తే ఓడినవన్నీ దాదాపు మూడు–రెండే. సెలవుకు వచ్చినప్పుడు అడిగాను.

"బావా, అయిదో గేము కాడికొచ్చీసరికి నీకేటవుతాది?"

ఆయన అన్నం తింటున్నాడు. చల్లబడితే ఎగరదని బంతిని తొడ కింద పెట్టుకుని కూర్చోవడం ఆయన అలవాటు. అక్క "గుడ్డు పొదుగుతన్నావేటి?" అని వేళాకోళం చేసేది. ఆరోజు తినడం అయ్యాక ఆ బంతిని తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అలిసిపోతే నా కాళ్ళు మన మిల్లు కోర్టుకి ఎలిపోతాయిరా" అన్నాడు చివరికి. "బుర్రకి తెలుస్తాది, గోడ ఇంకా అవతలుందని. కాలికి తెల్దు. జానెడు కాడ ఆగిపోతాది."

మోకాళ్ళు పూర్తిగా పాడయ్యాక ఊరికి తిరిగి వచ్చి, మిల్లు కోర్టులో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఒకటే పట్టుదల. ఇక్కడి నుంచి వెళ్ళే పిల్ల ఎవరైనా బాగా ఆడేవాళ్ళ చేతిలో ఓడాలి గానీ ఆ జానెడు చేతిలో ఓడకూడదు. గోడ జరపమని మిల్లు మేనేజర్లను అడిగాడు. గోడ పక్కనే కప్పు మోసే స్తంభం ఉంది, అది తీస్తే గోడౌను కూలుతుందన్నారు. నిజమే. ఆయన కూడా వెళ్ళి స్తంభాన్ని తట్టి చూసి వచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం టేపు పట్టుకోమని నన్ను మిల్లు గోడౌను వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. నేల మీద సరైన కొలతతో ముగ్గు పిండి గీతలు గీశాడు. చూడ్డానికి వచ్చిన అక్క, "ఏటిది, పాము పాకినట్టున్నాది" అని ఆయన చేతిలోని పిండి గిన్నె లాక్కుంది. ఆమె లాగిన గీత తాడు పరిచినట్టు వచ్చింది. అప్పటి నుంచి ఆరేళ్ళపాటు ఆదివారాలు టేపు నాది, గీత అక్కది. బావ గీత బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. బంతి లేదు, గోడలు లేవు. పిల్లలు బ్యాట్లతో గాలిని కొడుతూ మూలలకు పరిగెత్తి, మధ్యకు తిరిగి వచ్చేవారు. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు.

భోగాపురం వైపు నుంచి ఒక మత్స్యకారుడు కూతుర్ని బండి మీద తీసుకొచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏటి సారూ, బంతి నేదు, గోడ నేదు. మా పిల్ల ఈగల్ని తోలతన్నాదేటి?"

"నీకు వల ఇసరడం ఎక్కడ నేర్పినారు?"

"ఇసక మీద."

"ఇసక మీద సేపలున్నాయేటి మరి?"

అతను నవ్వేసి, తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పిల్లకు బావ చెప్పినవి నాకూ పనికొచ్చాయి. "కొట్టీసినాక ఎంత బాగా కొట్టినానో అని సూసుకుంటూ నిలబడిపోకు. మజ్జికొచ్చీ" అనేవాడు. తప్పు కొట్టినా అదే మాట. "అయిపోనాది. మజ్జికొచ్చీ." మా అమ్మ పోయినప్పుడు నేను పదిరోజులు కొట్టు తీయలేదు. ఆయన వచ్చి కొట్టు తాళం చేతిలో పెట్టాడు. ఏమంటాడో నాకు తెలుసు.

ఆయన పోయేనాటికి ఆ పిల్లకు చెన్నైలో పెద్ద పోటీ పది రోజుల్లో ఉంది. ఆమె కోసమే చివరి నెలల్లో లేవలేని మనిషి ఆదివారం మాత్రం లేచేవాడు. ఇంట్లో మంచం నుంచి గుమ్మం దాకా నడవడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. "సూసినావేటిరా, ఇప్పుడు గుమ్మం దూరమయిపోనాది" అని నవ్వేవాడు.

పోయిన ఆరో రోజు ఆదివారం. పెద్దకర్మ దాకా గుమ్మం ముందు ముగ్గు వేయకూడదు కాబట్టి వాకిలి బోసిగా ఉంది. చుట్టాలు వసారాలో కూర్చున్నారు. అక్క లోపలి నుంచి ముగ్గు గిన్నె పట్టుకుని వచ్చి, "టేపు తేరా" అంది.

మేనత్త అందుకుంది. "ఒసే, మతి ఉన్నాదా నీకు? పదకొండో రోజైనా అవనేదు."

"గుమ్మం ముందు వెయ్యకూడదన్నారు. గ్రౌండులో వెయ్యకూడదని ఎవులూ సెప్పనేదు" అంది అక్క. "ఆ పిల్ల గురువారం ఎల్తాది."

చుట్టాలందరి ముందు నుంచే నడిచి వెళ్ళాం. పిల్ల అప్పటికే వచ్చి నిలబడి ఉంది, వాళ్ళ నాన్న కూడా. అక్క వంగి గీత లాగింది. కుర్చీ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పిల్ల రెండు గంటలు గాలిని కొట్టింది.

ఆ తర్వాతి శనివారం చెన్నై నుంచి ఆ పిల్ల ఫోన్ చేసింది.

"మావా, మూడు–రెండు. పోనాది."

ఆయన ఉంటే అడిగే మాట ఒకటే. అది నేను అడిగాను.

"అయిదో గేములో కాలు అందిందేటమ్మా?"

"అందింది మావా. అటూ అందింది, ఇటూ అందింది. ఆ అమ్మాయి నాకంటే బాగా ఆడింది, అంతే."

అక్కతో చెప్పాను. "అయితే పర్లేదు" అంది.

ఆ రాత్రి వాన పడింది. తెల్లవారి ఆదివారం వెళ్ళేసరికి గీతలన్నీ కొట్టుకుపోయాయి. నేను టేపు చివర పట్టుకుని నిలబడ్డాను. అవతల నుంచి అక్క, "వొదులుగా ఉన్నాదిరా, ఎనక్కెల్లు" అంది. వెళ్ళాను. "ఇంకొంచెం." ఇంకొంచెం వెళ్ళాను. మడమ గుంతలో పడింది. తిరిగి చూస్తే ఆరేళ్ళు ఒకేచోట బావ కుర్చీ కాళ్ళు దిగిన నాలుగు గుంతలు, నాలుగింటిలోనూ వాన నీళ్ళు. నేను కాలు తీసి పక్కన పెట్టుకున్నాను. అక్క గీత లాక్కుంటూ వచ్చి, వాటికి జానెడు ఇవతల, సరిగ్గా టేపు చివర ఆపింది.