మేడం సంచిలోని చిక్కుడుకాయ

నాచారంలో మా మేడం పోయారని క్రితం ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రం తన చెల్లెలితో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, పురుగు పట్టిన కాయ కూరగాయ అవుతుందా కాదా అని వాదించారట. ఆ సంగతి చెబుతూ చెల్లెలు ఏడ్చింది, మధ్యలో నవ్వింది. నాకూ అంతే అయింది.

ఆమె చేసిన పని చాలామందికి తెలియదు. సైన్సు లైబ్రరీలో పనిచేస్తూ పరిశోధన వ్యాసాలూ రాశారు. రిటైరయ్యాక, ఉప్పల్‌లోని మా చిన్న ఆఫీసుకు ప్రతి సోమవారం సలహాలివ్వడానికి వచ్చేవారు. పరిశోధన వ్యాసాలు, అవి రాసినవాళ్లు, వాళ్లు సేకరించిన వివరాలు - వీటిలో ఏది ఏ తరగతిలోకి వస్తుందో కంప్యూటర్‌కు తికమక లేకుండా చెప్పడం మా పని. దాన్ని ఆంటాలజీ అంటారు. పేరు చూసి జడుసుకోకండి. ఒక్కో తరగతికి ఒక్కో వాక్యం రాస్తాం. అది చదివితే ఏది లోపలిదో, ఏది బయటిదో తేలిపోవాలి. మా కష్టమంతా ఆ ఒక్క వాక్యంతోనే.

ఆ వాక్యాల పని పట్టడానికి మేడం దగ్గర ఒక కూరగాయల సంచి ఉండేది. ఇంట్లో చేతికి దొరికినవి అందులో వేసుకుని ఆటోలో వచ్చేవారు. మేం కొత్త నిర్వచనం చదవగానే సంచిలో చెయ్యి పెట్టేవారు. మా వాక్యం ప్రకారం లోపలికి వచ్చేసే వింత వస్తువేదో బయటికి తీసేవారు.

కొత్తలో నేను ‘పరిశోధన వ్యాసం’ రాశాను. శీర్షిక, తేదీ, బాధ్యుల పేర్లు ఉండి, పదిమందికీ అందేలా వెలువడిన పత్రం అన్నాను. భలే కుదిరిందని మురిసిపోయాను. మేడం తన మేనకోడలి పెళ్లిపత్రిక తీసి బల్ల మీద పెట్టారు. శీర్షిక ఉంది, తేదీ ఉంది, పెద్దల పేర్లు వరసగా ఉన్నాయి, నాచారమంతా పంచారు కూడా.

“గిది మన డేటాల ఎక్కుతదా బిడ్డా? ఎక్కితే మా అన్న మస్తు ఖుషీ అయితడు” అన్నారు.

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. కొత్తగా ఏం కనుక్కున్నారన్న ఊసే నా వాక్యంలో లేదు మరి. ఆ మాట చేర్చి గట్టెక్కాను. పెళ్లికి అందరం వెళ్లాం, భోజనం మటుకు వ్యాసం కంటే బాగుంది.

తప్పు అని ఎవరినీ అనేవారు కాదు. జర బయటికి చూడు, ఏది కాదో చెప్పు అనేవారు. తను పడగొట్టలేని నిర్వచనం ఎవరు రాస్తే వాళ్లకు మిర్చి బజ్జీలు తెప్పించేవారు. ఓసారి, డేటాసెట్ అంటే ఒక పద్ధతిగా సేకరించిన వివరాలని ఆమె రాసిన నిర్వచనాన్ని పడగొడదామని, వాళ్ల చెల్లెలు పాలు రాని రోజున సున్నా చుట్టే క్యాలెండర్‌ను మేమే ముందు పెట్టాం. ఆమె తేరిపార చూసి, ఇది అచ్చంగా డేటాసెట్టే, మా చెల్లె సైంటిస్టు అని తేల్చేశారు. ఆ రోజు బజ్జీలు ఆమే తిన్నారు.

ఆమె సంచి జోలికి పోనిది ఒక్క ‘వ్యక్తి’ అనే తరగతి దగ్గరే. పోయిన రచయితలకు వేరే తరగతి పెడదామని మాలో ఒకతను అన్నాడు. అందరికీ నచ్చింది. మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

“మా నాయిన పోయి మస్తు దినాలయింది. నాకు నాయిన గాకుండ పోయిండా? తారీఖు ఒకటి ఎక్కువ రాయాలె. తరగతి మారదు బిడ్డా.”

అదే మా నిర్వచనం అయింది. పుట్టిన ప్రతి మనిషీ వ్యక్తే, ఉన్నా లేకున్నా.

ఆమె పోయిన మర్నాడే దానికి పరీక్ష వచ్చింది. మా డేటా వాడుకునే సంస్థవాళ్లు పోయినవాళ్లను విడదీయాల్సిందేనని ఎప్పటినుంచో పట్టుబడుతున్నారు. సోమవారం జవాబివ్వాలి. మేడం ఉన్నారన్న ధీమాతో నేనేమీ సిద్ధం చేసుకోలేదు. ఆమె మాట నా చేతుల్లో ఓడిపోతుందేమోనని భయపడ్డాను.

వాళ్ల వాదన అంతా విన్నాక, ఆమె పేరున్న రికార్డు తెర మీద తెరిచాను. మా మేడం నిన్న పోయారు, మొన్నటిదాకా ఈ వ్యాసాలు రాసిన మనిషి వీరే, ఇవాళ వీటిని ఎవరు రాశారనుకోవాలి అని అడిగాను. అవతలి పెద్దాయన, అలాగే ఉంచండి అన్నారు. వాళ్ల ముందే తారీఖు ఒకటి చేర్చాను. తరగతి దగ్గర ‘వ్యక్తి’ అలాగే ఉంది.

చెల్లెలు నాకిచ్చిన ఆ సంచిని మేడం కుర్చీకే తగిలించాం. అడుగున ఒక చిక్కుడుకాయ ఉంది, పురుగు తొలిచినది. సోమవారం ఆఫీసు పిల్లలను అడుగుత అని శనివారమే తీసి పెట్టారట. ఆ సాయంత్రం దాన్ని బల్ల మీద పెట్టుకుని, బజ్జీలు తెప్పించుకుని, అది కూరగాయా కాదా అని చీకటి పడేదాకా వాదించుకున్నాం.