ఖాళీ పేజీ మీద నా సంతకం

ఇవాళ మా ఊళ్లో గ్రామసభ జరిగింది. మాది గూడెం కొత్తవీధి దగ్గర కొండ మీది పల్లె. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం, పొలిటికల్ సైన్స్.

కాఫీ తోటల నుంచి జనం వచ్చి కూర్చోగానే పంచాయతీ సెక్రటరీ గారు తీర్మానాల పుస్తకం తెరిచి ముందు నా చేతికే ఇచ్చారు.

"చదువుకున్నదానివి, ముందు నువ్వు సంతకం పెట్టమ్మా. నిన్ను చూసి మిగతావాళ్లు పెడతారు. రాసే పని నేను ఆఫీసుకెళ్లి చూసుకుంటాను" అన్నారు.

పేజీ ఖాళీగా ఉంది. అందరి ముందూ నన్నే పిలిచారన్న సంబరంలో ఇంగ్లీషులో పొడుగ్గా సంతకం చేసేశాను. నా కింద ఊరంతా వేలిముద్రలు వేసింది. సెక్రటరీ గారు పుస్తకం సంచిలో పెట్టుకుని బండెక్కి వెళ్లిపోయారు.

అప్పుడు మా పెద్దమ్మ బొటనవేలు చీరకొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

"అందులో ఏటి రాసినారే గుంటా?"

"ఇంకా ఏమీ రాయలేదు పెద్దమ్మా."

"నువ్వు సదివే సంతకం ఎట్టినావనుకున్నాను. అందుకే నానూ ఏలుముద్ర ఏసినాను."

కోప్పడి ఉంటే బాగుండేది. మామూలుగానే అంది.

గ్రామసభ అధికారాల గురించి మొన్న పరీక్షలో అడిషనల్ షీట్లు అడిగి మరీ రాశాను. ఇవాళ మాత్రం పెన్ను ఇవ్వగానే సంతకం పెట్టేశాను.

రేపు ఆఫీసుకెళ్లి ఆ పేజీలో ఏం రాశారో చదివి వినిపించమంటాను. ఇలా ఖాళీ పేజీ మీద సంతకం చేసినవాళ్లు మీలో ఉంటే, వెళ్లి ఏమని అడగాలో చెప్పండి. పెద్దమ్మ కూడా వస్తానంది. ఆమె వేలికి సిరా ఇంకా పోలేదు.