కాలవలో కొబ్బరికాయ, గట్టు మీద కెరటం

ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నవి రెండే: ఫిజిక్సు, ధీమా. రెండోది కాస్త ఎక్కువే. ఎమ్మెస్సీ కాగానే కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు డెమో క్లాసుకి పిలిచారు. కరస్పాండెంటు గారికి నచ్చితే ఉద్యోగం, లేకపోతే అట్నుంచటే ఇంటికి బస్సు. పాఠం తరంగాలు. బోర్డు మీద గీతలు ఎవరైనా గీస్తారు, నేను కాలేజీ వెనక కాలవలోనే చూపిద్దామనుకున్నాను. అల ముందుకు సాగుతుంది, నీళ్ళు మాత్రం ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతాయి, మీద తేలే కొబ్బరికాయా అంతే. వారం ముందే వచ్చి, కాయ వేసి, రాయి విసిరి సరిచూసుకున్నాను కూడా. (వేసవికి కాలవ కట్టేశారు కదా, నిలవనీళ్ళలో కాయ బుద్ధిగా అక్కడే ఊగింది.)

తీరా డెమో నాటికి కాలవకి నీళ్ళు వదిలేశారు. నిండుగా ఉందని మురిసిపోయానే గాని, నీళ్ళు నడుస్తున్నాయని గమనించలేదు. పిల్లల్ని గట్టున నిలబెట్టి, "చూడండి, ఈ కాయ ఇక్కణ్ణుంచి కదలదు" అని గంభీరంగా ప్రకటించి వదిలాను. ఇంకా రాయైనా విసరలేదు, కాయ అమలాపురం వైపు బయల్దేరిపోయింది. కుర్రాళ్ళు ఈలలేస్తూ దాని వెంట పరుగు. "కదలదన్నారు కదండీ? మరదేవిటండీ?" అన్నారు గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న కరస్పాండెంటు గారు, ఎంతో మర్యాదగా. (మా వైపు మర్యాద ఎంత లోతుగా గుచ్చుకుంటుందో అప్పుడే తెలిసింది.) ఉద్యోగం కూడా కాయతోపాటే కొట్టుకుపోయిందనుకున్నాను.

అప్పుడు ముందుకొచ్చారు, అంతసేపూ ఆయన పక్కనే నిలబడి చూస్తున్న ప్రిన్సిపాల్ మేడం. "భలే మొదలెట్టేవమ్మాయ్!" అన్నారు, ఇదంతా ముందే అనుకున్నట్టు. "ఏవర్రా, వెనక్కి రండి! కాయని తీసుకుపోయింది ప్రవాహం. మరి అల సంగతేవిటో చూద్దాం, వరసగా కూర్చోండి. పక్కవాళ్ళు లేచి నిలబడి మళ్ళీ కూర్చోగానే మీరూ అలాగే లేచి కూర్చోవాలి, అంతే." ఆ కొసన మొదలైన కెరటం ఈ కొసకి వచ్చేసరికి, కుర్చీలో ఉన్న కరస్పాండెంటు గారు కూడా తెలీకుండానే లేచి కూర్చున్నారు! "ఎవరైనా చోటు మారేరా?" "లేదండీ!" "మరి మీ దాకా వచ్చిందేవిటండీ?" అని మేడం ఆయన్నే అడిగారు. "ఆయ్, అలేనండీ," అన్నారాయన నవ్వాపుకోలేక. "అమ్మాయి గార్ని రేపే చేరమనండి."

ఎంత మనిషండీ ఆవిడ! నా పరువు నిలబెట్టి, పాఠం చెప్పిన ఘనత కూడా నాకే వదిలేశారు. ఆవిడ రిటైరయ్యారు, ఆ పాఠం ఇప్పుడు నాది. ఏటా కాలవ వదలగానే పిల్లల్ని గట్టుకి తీసుకెళ్ళి, "ఈ కాయ కదలదు" అని అంతే గంభీరంగా చెప్పి వదులుతాను. వాళ్ళు పడీ పడీ నవ్వుతారు. "ఆ మాత్రం తెలీదా మేడం?" అంటారు. ఆ రోజు ఇదే గట్టున ధీమాగా నిలబడ్డ ఆ పిల్ల కూడా కాయ వెనకే పోతున్నట్టుంటుంది, కనుమరుగయ్యేదాకా అటే చూస్తాను. తరవాత వెనక్కి తిరిగి, "వరసగా కూర్చోండర్రా" అంటాను.